ఈరన్న చేతుల గురించి నేను రాసిన ఒక్క మాట

నిత్యా, నీకు వెన్నుపూస ఆపరేషన్ల వార్డులో డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. అభీ, నువ్వేమో ఫిజియోథెరపీ రెండో ఏడాదిలో ఉన్నావు. ఒకరు పుణేలో, ఒకరు మంగళూరులో. పోయిన ఆదివారం ఇద్దరూ ఒకేసారి ఫోన్లోకి వచ్చి, "అవ్వా, అన్నేళ్లు ఎముకల డాక్టరు దగ్గర పనిచేశావు కదా, మాకేమైనా చెప్పు" అన్నారు. నేను మొదలుపెట్టేలోపే ఒకరికి బస్సు వచ్చింది, ఇంకొకరికి ఛార్జింగ్ అయిపోయింది. అందుకే రాస్తున్నాను. మీ వీలు చూసుకుని నిదానంగా చదవండి.

ఆదోనిలో మాది చిన్న ప్రైవేటు ఆస్పత్రి. డాక్టరు గారు ఒక్కరే. ఆయన కంటే ముందు పేషెంటుతో మాట్లాడేది నేను. బెంచీ మీద కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి, ఏం పని చేస్తారు అని అడిగి అర కాగితం మీద నాలుగు ముక్కలు రాసేదాన్ని. డాక్టరు గారు గదిలోకి నడుస్తూనే దాన్ని చదివేసేవారు. ఇంజెక్షన్లు, కట్లు, థియేటర్ పని అందరు నర్సులూ చేసేవే. నా అసలు ఉద్యోగం ఆ అర కాగితమే అనుకోండి. ఆ కాగితం మీద నేను ఒకసారి తప్పు రాశాను. మీకు చెప్పాలనుకున్నది దాని గురించే. కానీ ఆ తప్పు ఒక మంచి పాఠంలోంచి పుట్టింది కాబట్టి, ముందు ఆ పాఠం చెబుతాను.

మస్తాన్ కాలు

మస్తాన్ మా పత్తి మార్కెట్లో హమాలీ. దూది బస్తా వీపు మీద వేసుకుని పలక మీదుగా లారీ ఎక్కే మనిషి. ఒకరోజు ఇద్దరు మనుషుల భుజాల మీద వేలాడుతూ వచ్చాడు.

"నడుము నొప్పా, కాలు నొప్పా?" అన్నాను.

"రెండూ కాదు సిస్టరమ్మా, కరెంటు. పిర్ర కాడ స్విచ్ ఏస్తే బొటనేలి కాడ బల్బు ఎలుగుతాంది."

బెంచీ మీద వాళ్లంతా నవ్వారు. అతను మాత్రం పళ్లు బిగబట్టుకుని గోడ పట్టుకున్నాడు. డాక్టరు గారు అతన్ని మడమల మీద నడవమన్నారు, మునివేళ్ల మీద నడవమన్నారు. మూత్రం సరిగ్గా వస్తోందా, కూర్చునే చోట తిమ్మిరిగా ఉందా అని అడిగారు. కాలి బొటనవేలు పైకెత్తమని, తన చేత్తో కిందికి నొక్కి చూశారు. వేలు లొంగలేదు.

"కోసేయండి సార్. యాడ సంతకం పెట్టాల్నో సెప్పండి" అన్నాడు మస్తాన్.

"కాలిలో బలం ఉందయ్యా. మాత్రలు రాస్తాను. ఆరు వారాలు ఆగు."

"ఆరు వారాలా! మీకు సేతగాకపోతే సెప్పండి సార్, కర్నూలుకు పోతా."

"పో. వాళ్లూ ఇదే మాట చెప్పకపోతే తిరిగొచ్చి నన్ను తిట్టు" అన్నారు డాక్టరు గారు నవ్వుతూ.

వాళ్లావిడ మాత్రం పోనివ్వలేదు. మొదటి వారం అతను ఏడ్చాడు. రెండో వారం తిట్టాడు. నెల దాటాక తన కాళ్లతో నడుచుకుంటూ వచ్చి, బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లకూ, "కోయించుకోవద్దప్పా, ఆగండి, దానంతట అదే పోతాది" అని ఉపదేశం మొదలుపెట్టాడు. డాక్టరు గారు లోపలికి పిలిచి, "నా వ్యాపారం పోగొట్టడానికి వచ్చావా మస్తానూ" అన్నారు.

ఆయన దగ్గర నేను మెచ్చుకున్న గుణం అదే. కత్తి పట్టగల మనిషి, దాన్ని పక్కన పెట్టగలిగాడు. నొప్పి ఎంత గట్టిగా అరిచినా, కాలిలో బలం ఉంటే, మూత్రం బిగపట్టకపోతే, చాలామందికి ఆగినంత మాత్రానే తగ్గుతుంది. జారిన బిళ్ల దానంతటదే ముడుచుకుపోతుంది. ఇది నిజం. మీరూ గుర్తుపెట్టుకోండి.

ఆ నిజం నాకు మరీ ఎక్కువగా వంటబట్టింది. మస్తాన్ తర్వాత బెంచీ మీద ఎవరు భయపడుతున్నా, "ఆగితే తగ్గుతుందిలే అమ్మా" అనడం అలవాటైపోయింది. డాక్టరు గారు పరీక్ష చేసిన తర్వాత అనే మాటను నేను పరీక్షకు ముందే అనడం మొదలుపెట్టాను.

నడుము వేరు, మెడ వేరు

ఇది మీ పుస్తకాల్లో ఉంటుంది. అయినా ఊళ్లో మనుషులకు నేను ఎలా చెప్పేదాన్నో అలాగే చెబుతాను. మీకూ అక్కడ పనికొస్తుంది.

వెన్ను అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎముకలు. మధ్యలో మెత్తటి బిళ్లలు. వెనక పొడుగునా ఒక గొట్టంలాంటి దారి, అందులో తలకాయ నుంచి దిగే నరాల తాడు. ఆ తాడు నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి విడివిడి నరాలే. అందుకని నడుములో బిళ్ల జారితే మామూలుగా ఒక నరం మీద పడుతుంది, ఒక కాలు లాగుతుంది. ఆగి చూసినా తగ్గకపోతే, లేదా కాలి బలం తగ్గుతూ ఉంటే, వీపు వెనక చిన్న గాటు పెట్టి జారిన ముక్కను తీసేస్తారు. వయసు మీద పడి దారే ఇరుకైతే అడ్డమొచ్చిన ఎముకను తొలిచి వెడల్పు చేస్తారు. ఎముక మీద ఎముక జారిపోతూ ఉంటే స్క్రూలు, కడ్డీలు వేసి కలుపుతారు. ఊరికే నడుము నొప్పి అన్నవాళ్లకు వీటిలో ఏదీ అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది కసరత్తు, ఓపిక.

మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. అప్పుడు ఆగమన్నవాళ్లు పాపం చేసినట్లే.

మెడ సంగతి వేరు. అక్కడ నలిగేది ఒక నరమే కావచ్చు, అప్పుడు చెయ్యి లాగుతుంది, దానికీ ఆగొచ్చు. కానీ తాడే నలిగితే? తాడు నలిగితే పెద్దగా నొప్పి ఉండదు పిల్లలూ. అదే దాని మోసం. వేళ్లు మొద్దుబారతాయి. చొక్కా గుండీ పట్టదు. నడక తూలుతుంది. మనిషి అరవడు, అరవకపోతే మనం పట్టించుకోం. అలాంటి మెడకు ఆపరేషన్ రెండు దారుల్లో చేస్తారు. ముందు నుంచి, గొంతు పక్కగా వెళ్లి బిళ్ల తీసి, ఆ సందులో ఎముక ముక్కో, లోహపు అచ్చో పెట్టి బిగించడం ఒకటి. వెనక నుంచి వెళ్లి, తాడు మీద కప్పులా ఉన్న ఎముకలను ఎత్తి దానికి చోటివ్వడం ఇంకొకటి. ఒకటి రెండు చోట్ల నలిగితే తరచుగా ముందు నుంచి, ఎక్కువ చోట్ల నలిగితే తరచుగా వెనక నుంచి. ఏ దారిన పోయినా ఆపరేషన్ మొదటి పని, ఇంకా పాడవకుండా ఆపడం. పోయింది ఎంత తిరిగొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇదంతా నాకు ఈరన్న వచ్చేనాటికే తెలుసు. తెలిసి కూడా తప్పు చేశాను.

ఎమ్మిగనూరులో బుధవారం

ప్రతి బుధవారం డాక్టరు గారూ నేనూ ఎమ్మిగనూరు వెళ్లేవాళ్లం. బస్టాండు వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. నందవరం, కోసిగి వైపు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. కానీ సగం మంది నేత పనివాళ్లే. గుంత మగ్గంలో కాళ్లు దించి, తల వంచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే మెడ, నడుము ఏమవుతాయో మీరే ఆలోచించుకోండి.

ఈరన్న వచ్చింది అలాంటి ఒక బుధవారమే. యాభై ఏళ్ల మనిషి, బక్కగా, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఉన్నాడు. పక్కన భార్య నాగలక్ష్మి.

"మెడ పట్టేస్తాంది సిస్టరమ్మా. సేతి ఏళ్లు కొంచెం జిమ్ము జిమ్మంటాండాయి" అన్నాడు.

"పని జరుగుతోందా?"

"జరక్క ఏమమ్మా. వారానికి రెండు చీరలు దిగుతాండాయి, ఎప్పటి మాదిరే."

"ఎప్పటి మాదిరే దిగుతాండాయమ్మా" అంది నాగలక్ష్మి, ఆయన మాట ముగియకముందే.

నా రెండు వేళ్లు ఇచ్చి గట్టిగా నొక్కమన్నాను. నొక్కాడు. నాకు నొప్పి పుట్టింది. కాగితం మీద రాశాను: మెడ నొప్పి, చేతుల్లో తిమ్మిరి, చేతి పని మామూలే. ఆయనతో కూడా అన్నాను, "భయమేం లేదు ఈరన్నా, ఆగితే తగ్గుతుందిలే."

ఆ రోజు బయట జనం ఎక్కువ. డాక్టరు గారు కాగితం చదివారు, మెడ అటూ ఇటూ తిప్పించి చూశారు, పట్టీ రాశారు. మెడకు బరువు కట్టి లాగే ట్రాక్షన్ రాశారు. ట్రాక్షన్ పెట్టేది నేనే. ప్రతి బుధవారం వచ్చేవాడు. గడ్డం కింద పట్టీ వేసి బరువు వేలాడదీస్తే కళ్లు మూసుకుని పడుకునేవాడు. నొప్పి తగ్గిందనేవాడు. నాకు సంతోషమేసేది.

ఒకసారి గదిలోంచి వెళ్తూ ఒక చెప్పు గడప దగ్గరే వదిలేసి వెళ్లిపోయాడు. నాలుగడుగులు వేశాడు, అతనికి తెలియనే లేదు. "ఏమప్పా, మాకు చెప్పు దానమిచ్చి పోతాండావా?" అన్నాను. ఆయన వెనక్కి చూసి నవ్వాడు. నాగలక్ష్మి మాత్రం నవ్వకుండా గబగబా వచ్చి, ఆ చెప్పు తీసుకెళ్లి ఆయన కాలికి తొడిగింది. నేను ఇంకో పేషెంటును పిలిచాను.

కాలికి చెప్పు ఉందో ఊడిందో తెలియని మనిషి ముందు నిలబడి నేను జోకు వేశాను, నిత్యా.

తెగిన పోగు

తర్వాత రెండు బుధవారాలు ఈరన్న రాలేదు. ఆ మధ్యాహ్నం పేషెంట్లు తక్కువగా ఉన్నారు. మీ అమ్మకు ఒక చీర చూద్దామనుకుని, పనిలో పని అతన్నీ పలకరిద్దామని నేతగాళ్ల వీధికి నడిచాను.

తలుపు తీసే ఉంది. ఈరన్న మగ్గం గుంతలో ఉన్నాడు. నాగలక్ష్మి రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతోంది. నన్ను చూసి లేవబోయాడు, కూర్చోమన్నాను. నాలుగు మాటలు మాట్లాడుతూ, అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె మళ్లీ విసిరాడు. ఒక పోగు తెగింది.

ఆయన చేతులు ఆపేశాడు. నాగలక్ష్మి రాట్నం వదిలి లేచి వచ్చింది, వంగి తెగిన కొసలు రెండూ పట్టుకుంది, వేళ్ల మధ్య తిప్పి అతికింది, వెళ్లి మళ్లీ రాట్నం దగ్గర కూర్చుంది. ఇద్దరి మధ్యా మాట లేదు. కాసేపటికి ఇంకో పోగు తెగింది. మళ్లీ అదే. ఎన్నిసార్లు చేస్తే మనుషులకు అలా మాట లేకుండా కుదురుతుంది?

"ఆ పోగు నువ్వే అతకొచ్చు కదా ఈరన్నా?" అన్నాను.

"ఆయప్పకు దగ్గర సూపు ఆనదమ్మా" అంది నాగలక్ష్మి అక్కడి నుంచే.

"ఏదీ, ఒకటి అతుకు చూద్దాం."

"పని సెడతాదమ్మా, వద్దు" అంది ఆమె.

"ఒక్కటి."

ఈరన్న నా వైపు చూడలేదు. ఒక పోగు తనే తెంపాడు. కొసలు పట్టుకోబోయాడు. బొటనవేలు, చూపుడు వేలు దగ్గరకు వస్తున్నాయి, మధ్యలో పోగు లేదు. మళ్లీ ప్రయత్నించాడు. చలిలో చేతులు కొంకర్లు పోయిన మనిషిలా ఉంది. బయట ఎండ కాస్తోంది. నాలుగోసారి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

నాగలక్ష్మి రాట్నం ఆపి చెప్పింది. "ఉగాదికి ముందు నుంచీ అమ్మా. గుండీలూ నేనే పెడతాండా. పోగు అతకలేనోనికి మగ్గం యాలని నూలు ఇచ్చే షావుకారు అంటాడు. ఈ ఈదిలో ఒక్కరికి తెలిసినా సాలు, పొద్దుగూకే లోపల షావుకారుకు తెలుస్తాది. అందుకే ఎవరికీ సెప్పలేదు."

"నాకైనా చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు పని జరుగుతాందా అనడిగితివి. జరుగుతాంది కదా" అంది.

ఆమె అబద్ధమాడలేదు. చీరలు దిగుతూనే ఉన్నాయి. నేను అడిగింది చీరల గురించి. అడగాల్సింది ఆయన వేళ్ల గురించి.

మన వైపు నేత ఇళ్లలో మగ్గం ఒక్కరి పని కాదు, ఇంటి పని. మొగుడి చెయ్యి ఆగిన చోట పెళ్లాం చెయ్యి అందుకుంటుంది, బయటి కంటికి అతుకు కనపడదు. ఆ ఊళ్లో పుట్టకపోయినా, అన్నేళ్లుగా ప్రతి బుధవారం అక్కడికి పోయినదాన్ని, ఆ మాత్రం నాకు తట్టి ఉండాల్సింది. ఇంకో తప్పు, పిడికిలి బలం చూసి చెయ్యి బాగుందనుకున్నాను. తాడు నలిగినవాళ్లలో పిడికిలి కంటే ముందు పోయేది సన్న పని.

మీ ఇద్దరికీ ఒకటే చెబుతాను. "చేయగలుగుతున్నారా" అని అడగకండి. "చేసి చూపించండి" అనండి. గుండీ విప్పి పెట్టమనండి. చాపమీద పడిన రూపాయి బిళ్ల తీయమనండి. గీత మీద నడిచినట్లు మడమకు మునివేళ్లు ఆనించి నడవమనండి. దానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం నా దగ్గర లేదనుకున్నాను.

డాక్టరు గారి సుత్తి

వాళ్లిద్దరినీ ఆటోలో ఎక్కించుకుని అప్పటికప్పుడే క్లినిక్‌కి తెచ్చాను. డాక్టరు గారు ఈరన్న నడివేలి గోరును చిటికె వేసినట్లు మీటారు. బొటనవేలు దానంతటదే లోపలికి దూకింది. రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టారు. కాలు తన్నినట్లు ఎగిరింది. తల ముందుకు వంచమంటే, "ఎన్నులోంచి కాళ్ల దాంకా జుమ్మంటాంది సార్" అన్నాడు.

డాక్టరు గారు సుత్తి బల్ల మీద పెట్టారు. పాత కాగితాల కట్టలోంచి మొదటి కాగితం తీసి చదివారు.

"చేతి పని మామూలే అని రాసింది ఎవరు?"

"నేనే సార్."

నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "రాసింది నువ్వు. నమ్మింది నేను. ఈ సుత్తి ఆ రోజు కూడా నా జేబులోనే ఉంది" అన్నారు. ట్రాక్షన్ ఆ క్షణమే ఆపించారు. నలిగిన తాడున్న మెడను లాగడమే ప్రమాదం. ఇన్ని వారాలు ఆ బరువు కట్టింది నా చేతులే.

మా డాక్టరు గారి గురించి మీరు అడుగుతుంటారు కదా. ఆయన కోపిష్టి, పిసినారి, భోజనం వేళకు పంపేవారు కాదు. కానీ తప్పు బయటపడినప్పుడు కింది మనిషి మీదకు తోసేయలేదు. అలాంటి డాక్టరు దొరికితే అదృష్టమనుకోండి. దొరక్కపోయినా మీ తప్పు మీరే చెప్పండి.

ఊరుకుంద మొక్కు

కర్నూలులో స్కాన్ తీయించాం. మూడు చోట్ల తాడు నొక్కుకుపోయి ఉంది. వెనక నుంచి ఆపరేషన్ చేయాలి, ఎక్కువ రోజులు ఆగకూడదు అన్నారు అక్కడి సర్జన్. ఈరన్న ఒప్పుకోలేదు.

"మెడ మీద కత్తి పెడితే మనిషి మంచం దిగడంట. మా ఈదిలో ఎప్పటినుంచో అనే మాటే అది. అయినా శ్రావణంలో ఊరుకుంద గుడికి నడిసి వస్తానని సామికి మొక్కుకున్నా. పోయొచ్చినంక సూద్దాం" అన్నాడు.

శ్రావణానికి ఇంకా నెల పైన ఉంది. తూలుతున్న మనిషి అంత దూరం రోడ్డు మీద నడుస్తూ ఒక్కసారి వెనక్కి పడితే, నలిగిన తాడు ఆ దెబ్బతోనే పోవచ్చు. డాక్టరు గారు ఆ మాట రెండుసార్లు చెప్పారు. ఈరన్న తల ఊపాడే కానీ వినలేదు. మళ్లీ నేను వాళ్లింటికి వెళ్లాను. మగ్గం పక్కనే కూర్చుని, పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చును చూపించాను.

"ఈరన్నా, పడుగు అచ్చులోంచి వస్తుంది కదా. ఆ అచ్చు పళ్లు దగ్గరకు నొక్కుకుపోయినాయనుకో. ఏమైతాది?"

"పోగులు నలుగుతాయి. రాసుకుని రాసుకుని తెగుతాయి."

"నీ మెడలో అదే అవుతాంది. వాళ్లు చేసేది అచ్చు వదులు చేయడం. పోగుల మీద చెయ్యి వేయరు."

ఆయన ఆలోచించాడు. నేతగాడు కదా, నా మాటలో లేనిది కూడా పట్టుకున్నాడు. "అచ్చు వదులు సేస్తే, ఇంతకుముందు తెగిన పోగులు?"

అవీ అతుక్కుంటాయని చెప్పాలని నా నోటి దాకా వచ్చింది. అలా అంటే ఆ పూటే సంతకం పెట్టేవాడు.

"వాటికి నేను మాటివ్వలేను. కొన్ని రావచ్చు. కొన్ని రాకపోవచ్చు. మిగిలినవి తెగకుండా ఉంటాయి, అంతవరకే చెప్పగలను."

"అంటే మళ్లీ నేను పోగు అతుకుతానో లేదో..."

"నాకు తెలీదప్పా."

నాగలక్ష్మి కండె పక్కన పెట్టింది. అప్పుడు ఇద్దరికీ చెప్పాను, మొదటి రోజే ఆయన వేళ్లు నేను సరిగ్గా చూసి ఉంటే ఈ మాట అప్పుడే చెప్పేవాళ్లమని, కాగితం మీద తప్పు రాసింది నేనేనని. నాగలక్ష్మి నా వైపు తిరిగింది.

"నువ్వు అడిగినా నేను సెప్పేదాన్ని కాదులేమ్మా" అంది. "ఇద్దరమూ కలిసి దాసినాం. నాది తెలిసి, నీది తెలీక." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "సామికి నడక కావాల్నంటే నేను పోతా బస్సులో. దిగినకాడ నుంచి గుడి దాంకా నేను నడుస్తా. నువ్వు కర్నూలుకు పో."

"మొక్కు నాది కదే."

"గుండీలు నీవే, పెట్టేది ఎవరు? పోగులు నీవే, అతికేది ఎవరు? మొక్కొక్కటి యాల మిగలాల? అది కూడా నేనే తీరుస్తా."

ఈరన్న నవ్వాడు. ఆయన నవ్వడం అన్ని నెలల్లో అది రెండోసారి చూశాను.

కర్నూలులో

నాలుగు రోజులు సెలవు పెట్టి వాళ్లతో పాటు వెళ్లాను. ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నిత్యకు రోజూ కనపడేదే. లోపలికి తీసుకెళ్లేముందు ఆయన భయపడింది కత్తికి కాదు, మత్తుకు. "నిద్రలో పోతే నాకు తెలీదు కదమ్మా" అన్నాడు. అలా అన్నవాళ్లకు జవాబు చెప్పకండి, చెయ్యి పట్టుకోండి. నేను అదే చేశాను.

బయట నాగలక్ష్మి చీర కొంగు చివర పోగులు లాగి ముడేస్తూ, విప్పుతూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక సర్జన్ బయటికి వచ్చి, అంతా అనుకున్నట్లే జరిగిందన్నారు. తెలివి వచ్చాక ఈరన్నను కాలి వేళ్లు కదపమన్నారు. కదిపాడు. నాగలక్ష్మి అప్పుడు ఏడ్చింది.

మూడో రోజున నడిపించారు. మెడ పట్టీతో, గోడ పట్టుకుని, పది అడుగులు. అభీ, ఇక్కడి నుంచి పని మీదే. సర్జన్ చోటిస్తాడు, ఆ చోటులో మనిషిని నిలబెట్టేది మీరు. ఆర్నెల్ల పాటు ఈరన్నతో శనగలు ఏరించాం, బోల్టు నట్టు బిగించడం చేయించాం, గీత మీద నడిపించాం. తూలడం చాలావరకు తగ్గింది. గుండీలు తనే పెట్టుకోవడం మొదలుపెట్టాడు, పై రెండూ తప్ప. వేళ్లు కొంత వచ్చి ఆగిపోయాయి.

ఆ ఇంటికి చివరిసారి

నేను ఉద్యోగం మానేసే ముందు చివరి బుధవారం వాళ్లింటికి వెళ్లాను. గుంతలో ఈరన్న లేడు. నాగలక్ష్మి ఉంది. నాడె విసురుతోంది, కాళ్లు కింద తొక్కుతున్నాయి, ఆయన కంటే వేగంగా. ఈరన్న రాట్నం దగ్గర కూర్చుని అరచేత్తో చక్రం తిప్పుతున్నాడు.

"ఇదేంది, తిరగబడినారే" అన్నాను.

"షావుకారు కూడా అదే అన్నాడమ్మా" అంది నాగలక్ష్మి గుంతలోంచి. "చీర సూసుకో, సేతులు సూడొద్దు అన్నా. నోరు మూసుకుని నూలిచ్చి పోయినాడు."

"ఈదిలో మొగోళ్లు నన్ను రాట్నమక్క అంటాండారు" అన్నాడు ఈరన్న. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ నవ్వు నాకు తెలుసు.

"బాధగా ఉందా?" అన్నాను.

"లేకుండా ఎట్లుంటాదమ్మా. పదేండ్లప్పుడు గుంతలో దిగినోన్ని." చక్రం ఆపాడు. "పొద్దున్నే నా కాళ్లతో నేను బయటికి పోయొస్తాండా. నా అన్నం నేను తింటాండా. అది సాలదు. కానీ అది ఉండాది."

మళ్లీ చక్రాన్ని అరచేత్తో ఒక చుట్టు తిప్పాడు. తర్వాత ఆయన అడిగాడు, ఎన్నాళ్లుగానో లోపల పెట్టుకున్న మాటలా నిదానంగా.

"సిస్టరమ్మా, నేను మొదట వచ్చిన దినమే కోసింటే, సేతి ఏళ్లు పూర్తిగా వచ్చేవా?"

ఎవరికి తెలుసప్పా అనొచ్చు. అంతా దేవుడి దయ అనొచ్చు. ఆ ఇంట్లో అలాంటి మాట అనే హక్కు నాకు లేదు.

"ఇప్పటికంటే ఎక్కువ వచ్చేవి ఈరన్నా. పూర్తిగా అని చెప్పలేను. ఎక్కువైతే వచ్చేవి."

ఆయన నా మొహం చూశాడు. నాడె చప్పుడు ఆగిపోయింది. నాగలక్ష్మి కూడా చూస్తోంది. నేను తల దించుకోలేదు, అది ఒక్కటే నేను చేయగలిగింది.

"సరే" అన్నాడు చివరికి. భార్య వైపు తిరిగి, "సిస్టరమ్మకు టీ పెట్టు పోయే."

"నేను మగ్గంలో ఉండా. నువ్వే పెట్టు."

ఈరన్న గోడ పట్టుకోకుండా లేచాడు. వంటింట్లో గిన్నె చప్పుడు, డబ్బా మూత కింద పడిన చప్పుడు, ఆయన తనలో తాను తిట్టుకున్న చప్పుడు వినపడ్డాయి. లేవబోయాను. నాగలక్ష్మి గుంతలోంచి వద్దని తల అడ్డంగా ఊపింది. కూర్చున్నాను.

స్టీలు గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వచ్చాడు. గడప దగ్గర కొంచెం ఒలికింది, నా ముందు పెడుతున్నప్పుడు ఇంకొంచెం ఒలికింది. చక్కెర ఎక్కువైంది. మొత్తం తాగాను.